మోటార్‌హోమ్ ఫ్రిజ్‌కు కనిపించని సరిహద్దులు: యూరప్‌లో తిండి సామాను ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

మోటార్‌హోమ్‌లో యూరప్ తిరిగేవాళ్లకు వంటిల్లు వెంటే ఉంటుంది. విమాన ప్రయాణికుడి సూట్‌కేసులో మహా అయితే రెండు పచ్చడి సీసాలుంటాయి. మోటార్‌హోమ్ ఫ్రిజ్‌లోనైతే వారానికి సరిపడా పాలు, పెరుగు, వెన్న, చీజ్, ఫ్రీజర్‌లో చికెన్, పైన అరల్లో కూరగాయలు, కుక్క ఉంటే దాని తిండి బస్తా కూడా ఉంటాయి. ఇంట్లో అది సరుకు. ఐరోపా సమాఖ్య బయటి గీత దాటగానే అదే దిగుమతి. సొంతానికి తెచ్చుకున్నామని చెప్పినంత మాత్రాన ఆ పేరు మారదు.

ఈ విషయంలో చాలామంది తడబడేది ఒక్కచోటే: పాస్‌పోర్ట్ చూడని చోట తిండినీ చూడరని అనుకుంటారు. నిజానికి యూరప్ మీద మూడు వేర్వేరు గీతలున్నాయి. షెంగెన్ గీత (దాని లోపలి దేశాల మధ్య మామూలుగా పాస్‌పోర్ట్ తనిఖీ ఉండదు) మనుషుల కోసం. కస్టమ్స్ గీత పన్ను కోసం. మూడోది పశువుల, మొక్కల ఆరోగ్యం కోసం గీసినది. ఫ్రిజ్‌లో ఏముండాలో తేల్చేది చాలావరకు ఈ మూడోదే. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది, కస్టమ్స్ సమాఖ్యలో లేదు, పశు ఆరోగ్య నిబంధనల్లో మాత్రం ఐరోపా సమాఖ్యతో కలిసి నడుస్తుంది. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, మిగతా రెంటిలో ఉంది. జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి మీదా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. అవి మనుషుల కోసం పెట్టినవి. ఫ్రాన్స్‌లో కొన్న చికెన్ కోసం అక్కడ ఎవరూ ఫ్రిజ్ తెరవరు.

సమాఖ్య లోపల, అంటే లిస్బన్ నుంచి హెల్సింకీ దాకా, సొంతంగా తినడానికి మాంసం, పాలు, కూరగాయలు ఎంతైనా తీసుకెళ్లవచ్చు. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: ఏదైనా ప్రాంతంలో పశువ్యాధి బయటపడి ఆంక్షల మండలం ప్రకటిస్తే, అక్కడి మాంసం బయటికి పోకూడదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఉన్న ప్రాంతాల అడవిపంది మాంసం, అక్కడి రైతుల దగ్గర కొన్న ఇంటి సాసేజ్‌లు ఈ కోవలోకి వస్తాయి.

ఒక శాండ్‌విచ్‌కు ఇంత పట్టుదల ఎందుకు

గాలికుంటు వ్యాధి తెలుగు పల్లెలకు కొత్త కాదు. మన దగ్గర ఏటా పశువులకు టీకాలు వేస్తారు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం దాని కోసమే. యూరప్ పద్ధతి వేరు. అక్కడ మామూలు రోజుల్లో ఈ టీకా వెయ్యరు. వ్యాధి అసలు లేకుండా చూసుకోవడం, వస్తే ఆ మందనంతా చంపి పాతిపెట్టడం వాళ్ల విధానం. కాబట్టి ఒక్క వైరస్ కణం లోపలికి వచ్చినా దాన్ని ఆపే రోగనిరోధకత ఏ పశువుకూ ఉండదు. 2001లో బ్రిటన్‌లో ఇది పాకినప్పుడు అరవై లక్షలకు పైగా పశువుల్ని చంపారు. సరిగా ఉడికించని హోటల్ ఎంగిలి పందులకు పెట్టడం వల్ల, అందులో అక్రమంగా వచ్చిన మాంసం ఉండటం వల్ల అది మొదలైందని అధికారులు తేల్చారు.

ఈ వైరస్ మాంసపు కండలో త్వరగా చచ్చినా ఎముక మజ్జలో, లింఫ్ గ్రంథుల్లో మిగిలిపోగలదు. పాలను మామూలుగా పాశ్చరైజ్ చేసినా పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఇంకా మొండిది. ఉప్పు పెట్టి ఎండబెట్టిన హ్యామ్‌లో నెలల తరబడి, గడ్డకట్టిన మాంసంలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. 2007లో జార్జియాలోని పోటి రేవులో ఓడల ఎంగిలి ద్వారా దిగిందని భావిస్తున్న ఆ వ్యాధి 2014లో లిథువేనియా, పోలండ్, లాత్వియా, ఎస్టోనియాలకు, 2020లో జర్మనీకి చేరింది. మనుషులకు దీనివల్ల ఏ హానీ లేదు. హైవే పక్క పార్కింగ్‌లో పారేసిన సగం శాండ్‌విచ్‌ను అడవిపంది తింటే మాత్రం చుట్టుపక్కల పందుల పెంపకమంతా ఆగిపోతుంది. జర్మనీ, పోలండ్ రహదారుల విశ్రాంతి స్థలాల్లో పలు భాషల బోర్డులు పెట్టి, తిండి వ్యర్థాలు మూత ఉన్న డబ్బాల్లోనే వెయ్యమని కోరేది అందుకే. మోటార్‌హోమ్‌లో రాత్రి గడిపేది ఎక్కువగా అలాంటి చోట్లే కాబట్టి ఈ జాగ్రత్త మనకు అందరికన్నా ఎక్కువ వర్తిస్తుంది. చెత్త సంచి బయట కొక్కేనికి తగిలించి నిద్రపోకూడదు.

బ్రిటన్ నుంచి ఖండం మీదికి

2021 జనవరి 1 నుంచి ఆహారం విషయంలో బ్రిటన్ ఐరోపా సమాఖ్యకు పరాయి దేశం. ఆ నెలలోనే నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో అధికారులు టీవీ కెమెరాల ముందు డ్రైవర్ల హ్యామ్ శాండ్‌విచ్‌లు తీసేసుకున్నారు. నిబంధన సూటిగా ఉంటుంది: మాంసం వద్దు, పాలు వద్దు, వాటితో చేసినవీ వద్దు. చిన్న పరిమాణమనే మినహాయింపు లేదు. టీలోకి తీసుకెళ్లే అర లీటరు పాల సీసా, వెన్న ముక్క, పెరుగు డబ్బా, పాలపొడి, నెయ్యి అన్నీ నిషేధమే. ప్యాకెట్ మీద ఫ్రాన్స్‌లో తయారైందని రాసి ఉన్నా లాభం లేదు. చూసేది ఎక్కడ తయారైందని కాదు, ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోందని. పోయిన ప్రయాణంలో నార్మండీలో కొన్న కమాంబేర్ చీజ్ ఫ్రీజర్‌లో మిగిలిపోతే, దాన్ని మళ్లీ ఫ్రాన్స్‌కు తీసుకెళ్లే వీలు లేదు.

దేనికి వీలుందో కూడా అంతే స్పష్టంగా ఉంది. చాక్లెట్, బిస్కెట్, కేక్, బ్రెడ్ పర్వాలేదు, లోపల మాంసం ఉండకూడదు. వెన్నతో చేసిన క్రొవాసాన్‌కు అడ్డు లేదు, హ్యామ్ పెట్టినది కుదరదు. మాంసం కలపని పాస్తా, నూడుల్స్, వినియోగదారు ప్యాకింగ్‌లో ఉన్న సూప్ క్యూబ్‌లు సరే. చేపలు మనిషికి 20 కిలోల దాకా, పొట్ట శుభ్రం చేసి ఉండాలి. తేనె 2 కిలోలు. పసిపిల్లల పాలపొడి, వైద్యులు సూచించిన ప్రత్యేక ఆహారం 2 కిలోల దాకా తీసుకెళ్లవచ్చు. అయితే అది తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేనిదై ఉండాలి, కంపెనీ ప్యాకింగ్‌లో ఉండాలి, వాడుకలో ఉన్న డబ్బా తప్ప మిగతావాటి సీల్ తెగకూడదు.

కూరగాయలు, పండ్లు చాలామంది మరిచిపోయే అంశం. 2019 డిసెంబర్ 14 నుంచి బయటి దేశాల తాజా పండ్లు, కూరగాయలు, ఆకులన్నిటికీ తెగుళ్లు లేవని అధికారులు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ అనే అయిదింటికే మినహాయింపు. అంటే దారిలో తినడానికి అరటిపండు తీసుకెళ్లవచ్చు, ఆపిల్ తీసుకెళ్లకూడదు. బంగాళాదుంపలు అసలే వద్దు. కుండీలో పెంచుకున్న కొత్తిమీర, పుదీనా కూడా ఇందులోకే వస్తాయి.

కుక్క తిండి సంగతి తెలిసేసరికి చాలామందికి ఆలస్యమైపోతుంది. మాంసం లేదా పాల పదార్థాలున్న కుక్క ఆహారం, నమిలే ఎముకలు కూడా నిషేధం కిందకే వస్తాయి. వైద్య కారణంతో ఇచ్చే ఆహారానికే 2 కిలోల వెసులుబాటు ఉంది. పదిహేను కిలోల సంచి ఇంట్లోనే వదిలి, దిగాక అదే బ్రాండ్ కొనుక్కోవడం మేలు.

ఆచరణలో ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఫ్రిజ్‌లోకి కొత్త సరుకు చేర్చడం ఆపాలి. పడవ ఎక్కే డోవర్ గానీ, సొరంగపు రైలు ఎక్కే ఫోక్‌స్టన్ గానీ చేరేలోగా ఉన్నది తినెయ్యాలి. మిగిలినది ఇటువైపు డబ్బాలోనే వెయ్యాలి. అటు దిగగానే సరుకు దొరక్క ఇబ్బంది పడే పరిస్థితి లేదు. ఫ్రాన్స్ వైపు కోకెల్‌లో సొరంగం ముఖద్వారం పక్కనే సిటే యూరప్ మాల్‌లో పెద్ద కార్ఫూర్ సూపర్ మార్కెట్ ఉంది. పాలు, పెరుగు, కూరగాయలు, మాంసం అన్నీ అక్కడ తీసుకోవచ్చు. ఒకవేళ పొరపాటున ఏదైనా మిగిలిపోతే, అధికారి అడగకముందే చెప్పి అప్పగించడం ఉత్తమం. చెప్పకుండా కస్టమ్స్ దగ్గర గ్రీన్ దారిలో వెళ్లడమంటే ఏమీ లేదని ప్రకటించినట్టే. దొరికితే సరుకు పోవడమే కాక జరిమానా కూడా పడుతుంది.

తిరుగు దారి 2025లో మారింది

బ్రెగ్జిట్ తర్వాత కూడా చాలాకాలం తిరుగు ప్రయాణం సులువుగా ఉండేది. ఫ్రాన్స్ చీజ్‌తో ఫ్రిజ్ నింపుకుని ఇంటికి రావడం మోటార్‌హోమ్ వాళ్లకు అలవాటు. 2025 జనవరిలో బెర్లిన్ పక్కన బ్రాండెన్‌బర్గ్‌లో నీటి గేదెల మందలో గాలికుంటు బయటపడింది. మార్చిలో హంగరీ, స్లొవేకియాలలో కనిపించింది. ఏప్రిల్ 12 నుంచి గ్రేట్ బ్రిటన్ సమాఖ్య దేశాల నుంచి వచ్చేవాళ్లు ఆవు, గొర్రె, మేక, పంది మాంసం గానీ, వాటి పాలతో చేసినవి గానీ తేవడాన్ని పూర్తిగా నిషేధించింది. డ్యూటీ ఫ్రీలో కొన్నా, సీల్ వేసి ఉన్నా, శాండ్‌విచ్‌లో ఉన్నా ఒకటే. స్విట్జర్లాండ్‌లో కొన్న చీజ్ కూడా ఫ్రాన్స్ రేవు కలే మీదుగా వస్తే ఆగిపోతుంది. తీవ్రమైన కేసుల్లో ఇంగ్లండ్‌లో 5,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

ఈ నిషేధం నాలుగు రకాల పశువుల గురించే. సమాఖ్య దేశాల కోడి, బాతు మాంసం, చేపలు, తేనె, పండ్లు, కూరగాయలు తెచ్చుకోవచ్చు. బ్రెడ్, కేక్, చాక్లెట్, పాస్తాకు ఇటు కూడా అడ్డు లేదు. ఉత్తర ఐర్లండ్‌కు ఈ నిషేధం వర్తించదు. బ్రిటన్, ఐరోపా సమాఖ్య 2025 మే 19న లండన్‌లో ఒక ఉమ్మడి పశు, వృక్ష ఆరోగ్య ఒప్పందం వైపు వెళ్లాలని అంగీకరించాయి. అది అమల్లోకి వచ్చేదాకా పైన చెప్పిన నియమాలే. వ్యాధి వార్తలతో పాటు ఈ నియమాలు వారాల్లో మారిపోతాయి కాబట్టి, బయల్దేరే వారంలో బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకసారి చూడటం తప్పనిసరి.

స్విట్జర్లాండ్, నార్వే: నిషేధం లేదు, తూకం ఉంది

జర్మనీ నుంచి ఆల్ప్స్ కొండల్లోని గోథార్డ్ మీదుగా ఇటలీకి పోయేవాళ్లు స్విట్జర్లాండ్‌లో రాత్రి బస చెయ్యకపోయినా దాని కస్టమ్స్ భూభాగంలోకి వస్తారు. ఇక్కడ భయం వ్యాధి గురించి కాదు, స్విస్ రైతుల ధరల గురించి. జర్మనీలో మాంసం చవక, స్విట్జర్లాండ్‌లో చాలా ఖరీదు. అందుకే మాంసం మనిషికి రోజుకు 1 కిలో, వెన్న, క్రీమ్ కలిపి 1 కిలో, వంటనూనె 5 లీటర్లు మాత్రమే సుంకం లేకుండా. నలుగురున్న బండిలో నాలుగు కిలోల మాంసం సరే. అది దాటితే కిలోకు 17 ఫ్రాంకులు, పది కిలోలు దాటిన భాగానికి 23 ఫ్రాంకులు. చికెన్ కొన్న ధర కన్నా సుంకమే ఎక్కువవుతుంది. పాలు, పెరుగు, చీజ్‌కు ఇలాంటి బరువు హద్దు లేదు. మొత్తం సామాను విలువ మీద వ్యాట్ మినహాయింపు 2025 జనవరి 1 నుంచి మనిషికి 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గింది. ఎక్కువ ఉంటే క్విక్‌జోల్ అనే స్విస్ కస్టమ్స్ యాప్‌లో ముందే ప్రకటించి చెల్లించవచ్చు. కౌంటర్ దగ్గర ఆగే పని ఉండదు. అటు నుంచి ఇటలీలోకో ఫ్రాన్స్‌లోకో గ్రూయెర్ చీజ్ తెచ్చుకోవడానికి పశు ఆరోగ్య నిబంధన అడ్డు రాదు.

నార్వేలో మనిషికి 10 కిలోలు హద్దు. మాంసం, మాంసపు ఉత్పత్తులు, చీజ్ కలిపి అంతే, అదీ ఐరోపా ఆర్థిక ప్రాంతంలోనివై (సమాఖ్య దేశాలు, వాటితో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్) ఉండాలి. పండ్లు, కూరగాయలకు విడిగా పది కిలోలు. బంగాళాదుంపలు ఒక్కటి కూడా వద్దు, దుంపలకు వచ్చే తెగుళ్ల భయంతో. స్వీడన్ వైపు నుంచి స్వీనేసుండ్ వంతెన దాటేముందు స్ట్రోమ్‌స్టాడ్ దగ్గర నూర్‌బీ షాపింగ్ సెంటర్ ఉంటుంది. నార్వే వాళ్లే చవక మాంసం కోసం అక్కడికి వస్తారు. ఉత్తరంగా లోఫోటెన్ దాకా పోయేవాళ్లు తూకం చూసుకుని అక్కడే సరుకు నింపుకోవడం తెలివైన పని. తిరుగు దారిలో సొంతంగా పట్టిన సముద్రపు చేప తీసుకెళ్లాలంటే, నమోదైన ఫిషింగ్ క్యాంపు నుంచి పట్టినట్టు కాగితం ఉండాలి. ఒడ్డున నిలబడి గాలం వేసి పట్టినదానికి ఆ కాగితం రాదు.

బాల్కన్‌లో రుచుల దగ్గరే చిక్కు

క్రొయేషియా తీరం వెంట డుబ్రోవ్నిక్‌కు పోయే దారిలో నేఉమ్ దగ్గర బోస్నియా భూభాగం అడ్డంగా వస్తుంది. ఆ కొన్ని కిలోమీటర్లు దాటి మళ్లీ క్రొయేషియాలోకి రావడమంటే, జాగ్రెబ్‌లో కొన్న పాలు కూడా పరాయి దేశం నుంచి వస్తున్నట్టే. 2022 జులై 26న పెల్యేషాట్స్ వంతెన తెరిచాక ఈ చిక్కు తప్పింది. ఫ్రిజ్ నిండుగా ఉన్నవాళ్లు ఆ వంతెన దారే ఎంచుకోవాలి.

మాంటెనెగ్రోలో కోటోర్ పైన కొండల్లో ఉన్న న్యెగుషి ఊరి పొగబెట్టిన హ్యామ్, చీజ్ పేరున్నవి. రోడ్డు పక్కనే కోసి అమ్ముతారు. అక్కడే తినాలి. క్రొయేషియా సరిహద్దుకు ముందు కొని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నిబంధన ప్రకారం అది పారవేయాల్సిన వస్తువు. మీగడ లాంటి సెర్బియా కాయ్‌మాక్, హెర్జెగోవినా చీజ్, తుర్కియే సుజుక్ సాసేజ్, మొరాకో నుంచి టాంజియర్, అల్హెసిరాస్ మీదుగా వచ్చే వెన్న, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఈ సరిహద్దుల్లో ప్రతి బండినీ తెరిచి చూడరన్నది నిజం. మోటార్‌హోమ్‌ను మాత్రం తరచుగా తెరుస్తారు, మనుషులు దాక్కున్నారేమోనని. తలుపు తెరిచాక ఫ్రిజ్ ఎదురుగానే ఉంటుంది.

తెలుగు వంటింటి సామాను

బ్రిటన్‌లో, జర్మనీలో స్థిరపడి సెలవులకు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలకు ఒక విధంగా ఈ నియమాలు అనుకూలమే. కందిపొడి, నల్లకారం, సాంబారు పొడి, ఎండు కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి, చింతపండు, పప్పులు పాలకూ మాంసానికీ సంబంధం లేనివి, ఫ్రిజ్ అక్కర్లేనివి. రొయ్యల పచ్చడి, ఎండుచేపలు చేపల కోటాలోకి వస్తాయి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి సీసా ఎంత గట్టిగా మూసినా మాంసమే. పాలకోవా పాల పదార్థమే, దానికి దారి లేదు. మైసూర్‌పాక్, సున్నుండలు, పూతరేకులలో నెయ్యి ఉంటుంది. కంపెనీ ప్యాకింగ్‌లో ఉంటే మిఠాయి కింద వదిలే అవకాశం ఉంది. ఇంట్లో చేసి స్టీలు డబ్బాలో పెట్టుకున్నదాన్ని ఏమనాలో అధికారి తేలుస్తాడు, వాదనకు ఆధారం మన దగ్గర ఉండదు. తాజా కరివేపాకు, పచ్చిమిర్చి, మునక్కాడలు బ్రిటన్ నుంచి తీసుకెళ్లకూడదు. పారిస్‌లో లా షపెల్ దగ్గరి తమిళుల దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి.

తోడు కూడా పాల పదార్థమే కాబట్టి ఇంటి పెరుగు వెంట తెచ్చుకునే వీలు లేదు. ఖండంలో కొన్న సాదా యోగర్ట్ ఒక స్పూను చాలు. రుచీ తీపీ కలపనిది చూసుకోవాలి. నెయ్యి విషయానికొస్తే, జర్మనీ సూపర్ మార్కెట్లలో బటర్‌ష్మాల్ట్స్ పేరుతో కరిగించి వడకట్టిన వెన్న దొరుకుతుంది. వాసన మన నెయ్యంత ఉండదు గానీ తాలింపుకు సరిపోతుంది. కమ్మటి నెయ్యి కావాలంటే 250 గ్రాముల ఉప్పు లేని వెన్న సన్నటి సెగ మీద కాచుకోవాలి, రెండు వందల గ్రాముల దాకా వస్తుంది.

బియ్యం బస్తా వేసుకునేముందు బరువు లెక్క చూసుకోవాలి. మామూలు లైసెన్సుతో నడిపే మోటార్‌హోమ్‌ల మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. వంద లీటర్ల నీళ్లే వంద కిలోలు. మనుషులు, సైకిళ్లు, గ్యాస్ ఎక్కాక మిగిలేది తక్కువ. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పోలీసులు బండిని ఆపి తూస్తారు. పది కిలోల బియ్యం, అయిదు కిలోల పప్పులు మించకుండా ఉంచుకుని మిగతాది దారిలో కొనుక్కోవడం మంచిది.

చట్టం ఆపని చోట ఫ్రిజ్ ఆపుతుంది

సమాఖ్య లోపలి పడవ ప్రయాణాల్లో తిండి పాడవడానికి కారణం సాంకేతికం. చాలా మోటార్‌హోమ్‌లలో ఉండేది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 12 వోల్టుల మీద, క్యాంపులో 230 వోల్టుల మీద, మిగతా వేళల్లో గ్యాస్ మీద పనిచేస్తుంది. పడవలోకి గానీ, సొరంగపు రైలులోకి గానీ ఎక్కేముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసెయ్యాలి. ఇంజిన్ ఆగగానే 12 వోల్టుల సరఫరా కూడా తెగిపోతుంది, లేకపోతే పది ఆంపియర్లకు పైగా కరెంటు లాగి బ్యాటరీని ఖాళీ చేస్తుంది. అంటే ప్రయాణం సాగినంతసేపూ ఫ్రిజ్ ఒక మూసిన పెట్టె మాత్రమే. డోవర్, కలే మధ్య గంటన్నరలో ఏమీ కాదు. ఇటలీలో అంకోనా నుంచి గ్రీసులో పాత్రాస్‌కు దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. రెండూ సమాఖ్య దేశాలే కాబట్టి మాంసానికి ఏ అడ్డూ లేదు, కానీ వేసవిలో అంతసేపు మాంసం నిలవదు.

ఎక్కే ముందు రాత్రి 230 వోల్టుల మీద పూర్తి చల్లదనానికి తేవాలి. అబ్జార్ప్షన్ ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, బయటి వేడి ముప్పై అయిదు డిగ్రీలుంటే ఇంకా కష్టపడుతుంది. బండి సమతలంగా నిలబడి ఉండాలి, వాలులో సరిగా చల్లబరచదు. ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పై అరలో పెట్టాలి, తలుపు తెరవకూడదు. లోపల ఒక చిన్న థర్మామీటర్ ఉంచి, దిగాక 8 డిగ్రీలు దాటి ఉంటే పచ్చి మాంసం, చేప, తెరిచిన పాలు వాడకూడదు. కొన్ని గ్రీసు పడవల్లో వేసవిలో డెక్ మీద బండిలోనే ఉండనిచ్చి 230 వోల్టుల ప్లగ్ ఇస్తారు. టికెట్ కొనేటప్పుడే ఆ సదుపాయం అడిగి బుక్ చేసుకోవాలి. కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. లీజర్ బ్యాటరీ (ఇంజిన్‌ది కాక లోపలి సామానుకు వేరుగా ఉండేది) నిండుగా ఉంటే అది గ్యాస్ లేకుండానే రాత్రంతా నడుస్తుంది.